ముందు రాయని నాలుగు వరసలు

అరెస్టు చేసిన మనిషి జేబులో చెయ్యి పెట్టడానికి పోలీసుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ జేబులో దొరికిన తాళంచెవి ఏ ఇంటిదో, ఆ ఇంట్లో చెయ్యి పెట్టాలంటే మాత్రం చట్టం కొన్ని షరతులు పెట్టింది. శిక్షణలో ఈ రెండు వాక్యాలనీ తడబడకుండా ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. వాటి మధ్య దూరం ఎంతో, సబ్ ఇన్‌స్పెక్టరునై అమలాపురం దగ్గర ఒక స్టేషనులో కూర్చున్నాక తెలిసింది. తెలిసింది అనడం కూడా ఎక్కువే. రిటైరై ఇంట్లో కూర్చున్న ఈనాటికీ ఆ సంగతి నాకు ఒక పక్కకి తేలలేదు.

కొత్తగా ఖాకీ తొడుక్కున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. నేను దొంగల్ని పట్టుకున్న కథలు చెప్పమంటారు. మీ అందరికీ కలిపి ఒక్కటే చెబుతాను. ఇందులో పట్టుబడినవాణ్ణి నేను.

పోలీసులో చేరక ముందే నేను హేతువాదిని. రామచంద్రపురంలో కాలేజీ చదువు రోజుల్లో మాకొక చర్చామండలి ఉండేది. వితంతు వివాహం దగ్గర్నుంచి వాస్తు దాకా దేన్నీ వదిలేవాళ్ళం కాదు. చెప్పేవాడు ఎంత గొప్పవాడైనా సరే, రుజువేదీ అని అడగడం అక్కడే నేర్చుకున్నాను. అప్పట్లో పక్క ఊళ్ళో ఒక స్వామి ఉండేవాడు. జరగబోయేది ముందే నోటుపుస్తకంలో రాసి ఉంచుతాడని జనం పళ్ళూ పూలూ పట్టుకుని వెళ్ళేవారు. ఒకనాడు భక్తులందరి ముందూ ఆ పుస్తకం నేను తీసి చూశాను. ప్రతి పేజీలోనూ తేదీకీ సంతకానికీ మధ్య కొన్ని వరసలు ఖాళీ. సంగతి జరిగాక నింపుకుంటున్నాడన్నమాట. "ఈ జాగా ఎందుకు వదిలారు స్వామీ?" అని అడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం మండలిలో నా మెడలో దండ వేశారు. పాతికేళ్ళైనా లేనివాణ్ణి, ప్రపంచంలో మూఢత్వం సగం తగ్గిపోయిందనుకున్నాను.

స్టేషనులో నాకు కుడిభుజం రైటరు గారు. కేసు కాగితాలు రాసే హెడ్ కానిస్టేబుల్ని రైటరంటాం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చర్చిలో సంఘపెద్ద. ఆయన చేతిరాతలో ఎఫ్.ఐ.ఆర్. కూడా పెళ్ళి శుభలేఖలా ఉండేది. దేవుడి విషయంలో ఆయనకీ నాకూ రోజూ వాదం జరిగేది. "మీరు దేవుణ్ణి నమ్మరు, ముద్దాయిని నమ్మరు. మరి రాత్రి నిద్ర ఎలా పడుతుందండీ మీకు?" అనేవారు. కేసు డైరీలో సోదా ఘట్టం వచ్చేసరికి ఆయన ఒక అలవాటు ప్రకారం నాలుగు వరసలు వదిలేవారు. మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

"ఇదేంటి రైటరు గారూ, ఖాళీ?"

"సోదా ఎందుకు చేస్తన్నామో ఆ కారణాలండి. సోదా అయ్యేక రాసుకుంటే కుదురుగా ఉంటాయండి. ముందే రాసేసేమనుకోండి, మనం ఒకటి రాస్తాం, అక్కడ ఇంకోటి దొరుకుద్ది."

"చట్టం ముందు రాయమంది కదండీ?"

"ఆయ్. తేదీ ముందే వేస్తన్నాం కదండీ. నింపడమే తరవాత."

నేను నవ్వేశాను. రూల్సు పుస్తకం పట్టుకుని తిరిగితే స్టేషను నడవదనుకునే వయసు. ఆ నాలుగు వరసలు చూసినప్పుడు స్వామి పుస్తకం నాకు గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు. అవే వరసలు, అదే ఖాళీ. కాషాయంలో ఉంటే కనిపించిన మోసం ఖాకీలో ఉంటే ఎందుకు కనిపించలేదు?

ఇక కేసు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చిన ఒకావిడ, స్నానాలగది మేకుకి తగిలించిన బంగారు గొలుసు పోయిందని ఫిర్యాదు ఇచ్చింది. ఆ రోజు పెరట్లో కొబ్బరికాయలు వలిచిన కూలీ మర్నాడు పనికి రాలేదు. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ళవాడు. రెండోనాడు మధ్యాహ్నం అమలాపురం బస్టాండులో బస్సెక్కి కూర్చున్నవాణ్ణి దింపి అరెస్టు చేశాను. జేబులు వెతికితే ఒక టిక్కెట్టు, బీడీకట్ట, నల్లదారం కట్టిన చిన్న తాళంచెవి. గొలుసు లేదు.

"ఈ తాళంచెవి ఎక్కడిదిరా?"

"మా అక్క పెట్టిదండి. బండారులంకలో."

"అక్క పెట్టె తాళం నీ జేబులో ఎందుకుంది?"

"నా పాస్‌పోర్టు అందులో దాచేనండి. మస్కట్ వీసా వచ్చిందండి. రామచంద్రపురంలో ఏజెంటుని కలిసొచ్చి సాయంత్రం తీసుకుందారని అక్కే ఇచ్చిందండి. ఒట్టండి బాబూ."

ఒట్లని నేను నమ్మను. తాళంచెవిని నమ్మాను. ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి. అరెస్టయినవాడి ఒంటిమీద ఉన్నది వెతకడం ఒక అధికారం. అంతటితో ఆ అధికారం అయిపోతుంది. అతని అక్క ఇల్లు అతని ఒంట్లో భాగం కాదు. వారంటు లేకుండా అక్కడికి వెళ్ళాలంటే, ఫలానా వస్తువు అక్కడ ఉందని ఎందుకు అనుకుంటున్నానో, వారంటు కోసం ఆగితే ఏం పోతుందో ముందుగా కాగితం మీద రాయాలి. ఆ ప్రతి మేజిస్ట్రేటుకి పంపాలి. ఆ ఊళ్ళోని ఇద్దరు పెద్దమనుషుల్ని మధ్యవర్తులుగా పిలవాలి. రాయడానికి పది నిమిషాలు చాలు. మా జీపు స్టేషను ముందు నుంచే వెళ్ళింది. అక్కడ ఆగింది కూడా. ఎందుకాగిందంటే, స్టేషను ఎదుట టీకొట్టాయన్నీ, ఇస్త్రీబండి ఆయన్నీ ఎక్కించుకోవడానికి. వాళ్ళిద్దరూ మా మధ్యవర్తులు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేవారు, ఏ కేసని అడిగిన పాపాన పోలేదు. సంతకాలు పెట్టేవాళ్ళ కోసం జీపు ఆపినవాణ్ణి, కారణం రాయడం కోసం దిగలేదు.

బండారులంకలో ఆ ఇంటి ముందు జీపు ఆగేసరికి వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆవిడ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. ఏడాది పాప పక్కన చాపమీద పడుకుని ఉంది. నేను గుమ్మంలో ఆగలేదు.

"ఏంటండీ? ఎవరు కావాలండీ? తమ్ముడికేమైందండీ?"

"పెట్టె ఎక్కడ?"

"ఏం పెట్టండీ? అయ్యో, పడుగు తొక్కకండి బాబూ! మీకు పున్నెముంటుంది, ఆ కాలు తియ్యండి!"

మా కానిస్టేబులు బూటు పడుగు మీద పడింది. నాలుగైదు పోగులు పుటుక్కుమని తెగాయి. ఆ చప్పుడు నేను విన్నాను. మగ్గానికి ఎడమపక్క ఆకుపచ్చ రేకుపెట్టె ఉంది, మూతమీద గులాబీ పువ్వు బొమ్మ. తాళంచెవి పట్టింది. పైన పాస్‌పోర్టు. దానికింద చీరలు. అడుగున పాప గౌను, గౌను కింద గొలుసు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం దాచను. రుజువు దొరికిన ఆనందం అది.

"అది నాదండి. మా ఆయన పంపిందండి," అందావిడ. "మస్కట్ నుంచొచ్చిన మనిషి చేతికిచ్చి పంపేరండి. పక్కింటోళ్ళని అడగండి."

పక్కింటివాళ్ళు గుమ్మాల్లో నిలబడే ఉన్నారు. నేను అడగలేదు. అంతా ఒక కులం, ఒక వీధి, ఆవిడ వైపే చెబుతారనుకున్నాను. ఎవరి మాట నమ్మాలో ముందే నిర్ణయించుకోవడాన్ని మా మండలిలో మూఢనమ్మకం అనేవాళ్ళం.

స్టేషనుకి వచ్చాక రైటరు గారు డైరీ ముందు పెట్టారు. పైన తేదీ, సోదాకి ముందటి వేళ. కింద నాలుగు వరసలు ఖాళీ.

"చెప్పండి సార్, కారణాలు. బలంగా ఉండాలండి."

నేను చెప్పాను. ఏ మాటైనా వివరంగా, స్పష్టంగా చెప్పాలన్నది నా గర్వం. "ముద్దాయి అక్కగారింట్లో, మగ్గం గుంటకు ఎడమవైపున గల, మూతపై గులాబీ పువ్వు చిత్రించిన ఆకుపచ్చ రేకుపెట్టెలో, పసిపిల్ల గౌను కింద చోరీ సొత్తు దాచబడి ఉన్నదని విశ్వసించుటకు తగిన కారణములు ఉన్నందున..."

రైటరు గారు ఒక్కసారి తలెత్తి చూశారు. "గౌను కూడానా అండీ?"

"రాయండి. వివరం ఎక్కువైతే నష్టమేమిటి?"

ఆయన రాశారు. నాలుగు వరసలు సరిగ్గా సరిపోయాయి.

వారం తిరక్కుండా ఆవిడ పాపని చంకనేసుకుని స్టేషనుకి వచ్చింది. గొలుసు గురించి కాదట.

"షావుకారు పడుగు విప్పించుకుని పట్టుకెళ్ళిపోయేడండి. దొంగసొత్తు దొరికిన ఇంటికి నూలెలా ఇస్తానంటన్నాడండి. మా వీధిలో నమ్మకం మీదే కదండీ నూలిచ్చేది. మీరొక మాట చెప్పండి, నేను దొంగని కాదని."

"కోర్టులో తేలుతుందమ్మా."

"అప్పటిదాకా నేనేం నెయ్యనండీ?"

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. తమ్ముడికి బెయిలు వచ్చింది గానీ కేసు తేలేదాకా దేశం దాటకూడదన్నారు. వీసా గడువు దాటిపోయింది. ఆవిడ కొబ్బరిపీచు తాళ్ళు పేనే పనికి వెళ్తోందని ఎవరో చెప్పారు. ఆ గొలుసు ఆవిడదేనని తేలితే తప్ప ఆ ఇంటి మగ్గం మళ్ళీ ఆడదు. ఆవిడది కాదని తేలితే తప్ప నా కేసు నిలబడదు.

తేల్చవలసిన రోజు ఏడాదిన్నర తర్వాత వచ్చింది. అమలాపురం కోర్టులో నేను బోనెక్కాను. గుమాస్తా "దేవుని ఎదుట ప్రమాణం చేసి" అని మొదలుపెట్టగానే ఆపాను. దేవుడి మీద ప్రమాణం చెయ్యను, మనస్సాక్షిగా నిజం చెబుతానని అన్నాను. నేను ఎప్పుడూ అలాగే చేసేవాణ్ణి. చట్టం ఒప్పుకుంటుంది. తలుపు దగ్గర నిలబడ్డ రైటరు గారు ఎప్పటిలాగే నిట్టూర్చారు. నాకంటే ముందు టీకొట్టాయన సాక్ష్యం అయిపోయింది. బండారులంక వెళ్ళిన మాట నిజమే గానీ జీపు దిగలేదనీ, సంతకం స్టేషనులోనే పెట్టాననీ ఆయన చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటికే కేసు కుంటుతోంది.

ముద్దాయి తరఫున ఒక లాయరమ్మ వచ్చింది. బడిపంతుళ్ళ కుటుంబం నుంచి వచ్చిన మనిషి, గొంతు పెంచదు. చట్టం ప్రకారం సోదా కారణాల నకలు ఇంటివాళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఈవిడ ముద్దాయి అక్క చేత దరఖాస్తు పెట్టించి అది తెప్పించుకుంది.

"ఎస్.ఐ. గారూ, మీకు శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకండేం."

"అడగండి."

"ముద్దాయి అక్కగారింటికి మీరు వెళ్ళడం అదే మొదటిసారాండీ?"

"అవును."

"మీ స్టేషనువాళ్ళు గానీ అంతకుముందు లోపలికి వెళ్ళి చూడలేదు?"

"లేదు."

"సోదాకి ముందే కారణాలు రాశారు. తేదీ, వేళ వేసి."

"రాశాం."

ఆవిడ కాగితం విప్పి, నా నాలుగు వరసలు నెమ్మదిగా చదివింది. గులాబీ పువ్వు దగ్గర ఒకసారి ఆగింది. పసిపిల్ల గౌను దగ్గర ఇంకోసారి.

"ఇంకా వీధిలో జీపులో ఉండగానే గౌను కింద ఉందని మీకెలా తెలిసిందండీ? మీకు జోస్యం ఏమన్నా వచ్చాండీ?"

కోర్టంతా నవ్వింది. నవ్వకుండా ఉన్నది ముగ్గురే. నేను, రైటరు గారు, వెనక బల్లమీద కూర్చున్న ఆ ముద్దాయి అక్క.

ప్రభుత్వ లాయరు లేచి, "సాక్షికి ముందస్తు సమాచారం అంది ఉండవచ్చును" అన్నాడు. మేజిస్ట్రేటు గారు, "సాక్షిని చెప్పనివ్వండి" అని ఆయన్ని కూర్చోబెట్టారు. దారి మాత్రం నాకు తెరిచే ఉంది. వేగు చెప్పాడంటే చాలు. ఆ వేగు ఎవరో చెప్పమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేరు, దానికీ చట్టంలో రక్షణ ఉంది. మాట నాలుక మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే, పదేళ్ళ తర్వాత, ఆ స్వామి కళ్ళు మూసుకున్న మొహం కనిపించింది. ఆయన జోస్యంలో గౌను దాకా వెళ్ళేవాడు కాదు. ఆ మాత్రం జాగ్రత్త ఆయనకుంది.

"ముందు రాయలేదండీ," అన్నాను. "పెట్టె తెరిచాక, స్టేషనుకి వచ్చి రాశాం."

మేజిస్ట్రేటు గారు కళ్ళద్దాలు తీశారు. "ఇందాక రాశామన్నారు?"

"అది కూడా నేనే అన్నానండి."

కేసు కొట్టేశారు. తీర్పులో ఒక చిత్రమైన మాట ఉంది. సోదా పద్ధతి తప్పినంత మాత్రాన దొరికిన సొత్తు చెల్లకుండా పోదు, కానీ మధ్యవర్తీ నిలబడక, అధికారి మాటా నిలబడక, ఆ సొత్తు ఎవరిదో నమ్మడానికి ఈ కోర్టుకి ఆధారం మిగల్లేదు అని. గొలుసు ఎవరింట్లో దొరికిందో వాళ్ళకే ఇచ్చెయ్యమన్నారు. ప్రభుత్వ లాయరు మెట్లమీద నన్ను పట్టుకున్నాడు. "సోదా పోయినా కేసు లాగేవాణ్ణి. మీ నోటితో మీరే కేసుని ముంచారు." నా నిజం వల్ల కేసు పోయిందా, టీకొట్టాయన నిజం వల్ల అప్పటికే పోయిందా? లెక్క తేలదు. నేను అబద్ధం చెప్పినా ఆ కుర్రాడు బయటపడేవాడేమో. అప్పుడు నా నిజం ఎవరికి పనికొచ్చినట్టు?

కువైట్ ఆవిడ కోర్టు ఆవరణలో నా ఎదుట నిలబడింది. అరవలేదు.

"కొక్కెం దగ్గర రింగు మార్పించేనని ఫిర్యాదులోనే చెప్పేను కదండీ. అదే గొలుసండి. ఎడారిలో పరాయోళ్ళ అంట్లు తోమి కొనుక్కున్నానండి. మీ నిజం ఏదో, నా గొలుసు నాకిప్పించేక చెప్పుకోవలసిందండి."

నిజమే, ఆ గొలుసుకి కొక్కెం దగ్గర రింగు కొత్తది. అయితే గల్ఫ్ గొలుసులన్నిటికీ అక్కడే అరుగుతుందనీ, అందరూ మార్పించుకునేవారనీ కంసాలి చెప్పాడు. ఆ రోజుల్లో కోనసీమలో వీధికి నాలుగు మెడల్లో అదే నమూనా.

రైటరు గారూ నేనూ జీపులో తిరిగి వచ్చాం.

"నేను ప్రతి ఆదివారం నా పాపాలు ఒప్పుకుంటానండి," అన్నారాయన దారిలో. "అక్కడ సంజాయిషీ కాగితం ఎవరూ అడగరండి. మీరు తీసుకెళ్ళి కోర్టులో ఒప్పుకున్నారు. నా పాపం కూడా కలిపి."

"అబద్ధం చెప్పమంటారా రైటరు గారూ?"

"అననండి. నాకో మాట చెప్పి ఒప్పుకోవలసిందంటన్నానండి. జాగా వదిలింది నేనే. కానీ గౌను మీరే రాయించేరండి."

ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఇంక్రిమెంట్లు ఆగాయి. నాకు ముందు చాలా సర్వీసుంది, కోలుకున్నాను. ఆయనకి రెండేళ్ళే మిగిలింది. అయినా ఆయన మర్నాటి నుంచి డైరీలో వరసలు వదలడం మానేశారు. సోదాకి బయల్దేరబోతుంటే కాగితం, కలం పట్టుకుని జీపుకి అడ్డంగా నిలబడేవారు. "కారణం చెప్పండి సార్. గౌన్లు వద్దండి."

పదేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటింది, నేను సర్కిల్ ఇన్‌స్పెక్టరునై వేరే చోట ఉన్నాను. ఒకసారి ఐనవిల్లి వైపు పెళ్ళికి వచ్చి, మా ఆవిడకి చీర కొనే వంకతో బండారులంక వెళ్ళాను. వంక అని ఎందుకంటున్నానంటే ఆ వీధి వెతుక్కుంటూ వెళ్ళింది నేనే. ఆ ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నాయి. ఒకదాని మీద ఆవిడ. మామూలు బట్టల్లో ఉన్నా నన్ను గుర్తుపట్టింది. ఈసారి గుమ్మం బయటే ఆగాను.

"లోపలికి రావచ్చామ్మా?"

ఆవిడ లేచి వచ్చి, నా చెప్పుల కేసి చూసింది. "అరుగు మీద కూర్చోండి. చీరలు ఇక్కడికే తెస్తాను."

చీరలు చూపించింది. కేసు కొట్టేశాక కూడా షావుకారు రెండేళ్ళు నూలు ఇవ్వలేదట. తమ్ముడు మళ్ళీ వీసా తెచ్చుకుని వెళ్ళాడట. ఏం జరిగిందో చెబుతోంది తప్ప నన్ను తిట్టడం లేదు, మెచ్చుకోవడం లేదు. తిడితే తేలికపడేవాణ్ణి. ఆవిడ మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. గొలుసు లేదు. అమ్మేసిందా, కూతురికి దాచిందా, వేసుకోవడానికి మనసొప్పలేదా? ఎన్ని రకాలుగా ఆలోచించినా ప్రతిదానికీ రెండు అర్థాలు వస్తున్నాయి. ఒక చీర పక్కన పెట్టించుకుని, ఇక ఉండబట్టలేక అన్నాను.

"అమ్మా, ఒక్క మాట అడగనా? కేసు ఎప్పుడో అయిపోయింది. ఎవరికీ చెప్పను. ఆ గొలుసు..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. లోపలికి వెళ్ళి, కూతురి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. దాన్ని అరుగు మీద నా ముందు పెట్టింది.

"అడగండి. కానీ ఎందుకడుగుతన్నారో ముందు ఇందులో రాయండి. లాయరమ్మ గారు చెప్పేరండి, ముందు రాయాలంట."

జేబులోంచి కలం తీశాను. పైన తేదీ వేశాను. కారణం రాయబోయాను. దొంగ ఎవరో తెలుసుకోవడానికని రాద్దామంటే దొంగతో నాకిప్పుడు పని లేదు. నా తప్పు ఎంతో తెలుసుకోవడానికని రాద్దామంటే గొలుసు ఎవరిదైనా నా తప్పు అంతే. లోపల మగ్గం ఆగి ఉంది. ఆవిడ గుమ్మానికి ఆనుకుని, తొందరేం లేదన్నట్టు చూస్తోంది.

చాలాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చీర తీసుకుని లేచాను. నేను వీధి మలుపు తిరక్కముందే మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. పైన తేదీ ఉంది. కింద వరసలు ఇంకా ఖాళీయే.